ఏడుగురు పిల్లలూ ఒక చెప్పూ

కాశీనగరంలో నన్నందరూ దిదీ అంటారు.
దిద్దించేది కాబట్టి దిదీ అని
తవిటమ్మ కూతురు గున్న తేల్చేసింది.
నేను కాదనలేదు.

గోడ మీద పటంలో ఒడియా అక్షరాలు.
పిల్లల నోళ్లలో తెలుగు,
సొంబారి నోట్లో సవర.
ఉడికిన గుడ్డు వాసనొస్తే మాత్రం
ముగ్గురిదీ ఒకటే భాష.

పళ్లెంలో చోళ్లు పోసి వేలితో రాయమన్నాను.
దాలినాయుడు ఒక గుండ్రం చుట్టాడు.
"సున్న" అన్నాడు.
"కాదు, ఠ" అంది రశ్మిత, గోడ చూపించి.
ఇద్దరూ నా మొహంలోకి చూశారు.
ఇద్దరిదీ నిజమేనంటే
నాలుగేళ్లవాళ్లు ఒప్పుకోరు.
చింతపిక్క ఒకటి తీసి గుండ్రం నడిమిన పెట్టాను.
ఇప్పుడిది మన ఠ,
బొట్టు పెట్టుకుని పేరంటానికొచ్చింది.
గుంటడు పిక్క తీస్తాడు: సున్న.
పెడతాడు: ఠ.
తీస్తాడు, పెడతాడు, తీస్తాడు,
చివరికి నోట్లో వేసుకున్నాడు.
ఆ పూటకి అక్షరాలు అంతే.

కొలతలు ఇంకా తంటా.
రథయాత్ర సెలవుల తరవాత
వరండా ఎంత పొడుగో చూద్దామన్నాను.
నా పాదానికి ముప్పై ఒకటి.
దాలినాయుడికి ఇరవై దాటాక
అంకెలు అయిపోయాయి, వరండా అవలేదు.
"నీ కాలు తప్పు దిదీ" అన్నాడు.
సొంబారి ఏమీ అనలేదు.
వెళ్లి, గోడకి తల ఆనించి
వెల్లకిలా పడుకుంది.

దాని పాదాలకి తల ఆనించి గున్న.
గున్న పాదాలకి రశ్మిత,
"చక్కిలిగిలి పెట్టకే" అని అరుస్తూ.
అలా ఒకరి చివర ఒకరు, ఏడుగురు.
అవతలి గోడకి ఇంకా బెత్తెడు.
ఆ బెత్తెడులో రశ్మిత చెప్పు పెట్టాం.
సరిగ్గా సరిపోయింది.

పర్లాకిమిడి నుంచి రేకుల కొలతకొచ్చిన బాబుని
గడప దాటనివ్వకుండానే చెప్పేశారు:
"ఏడుగురమూ ఒక చెప్పూ!"
ఆయన నవ్వి, టేపు లాగి,
ఇరవై మూడున్నర అడుగులని రాసుకున్నాడు.
ఎవరి అడుగులని దాలినాయుడు అడిగాడు.
ఆయన టేపు చుట్టేసుకున్నాడు.

భాద్రపదంలో దాలినాయుడికి గవదబిళ్లలు.
ఆ వారం వరండా కొలవడం కుదరదన్నారు.
కుదురుతుంది, ఇంకొకణ్ణి పెట్టండంటే
నా మీద కోప్పడ్డారు.
వాడి చోటు అలాగే వదిలి
చుట్టూ చోళ్లు పోశారు.
పొడుగాటి సున్న.
కోళ్లొచ్చి తినేవరకూ
వాడు అక్కడే ఉన్నాడు.

మార్గశిరం, లక్ష్మివారం.
రశ్మితా వాళ్లింట్లో
మానం నిండా కొత్త ధాన్యం పోసి పీట మీద నిలబెట్టారు.
కొలిచే పాత్రకే దండం పెడతారు ఆ ఇంట్లో.
మా అత్త కుంచాన్ని అటక మీద
ఎలకలకి వదిలేసిన సంగతి
నేనెవరికీ చెప్పలేదు.
గుమ్మం నుంచి పీట దాకా
బియ్యప్పిండితో పాదాలు.
గున్న తన కాలు పక్కన పెట్టి చూసి
"లచ్చిందేవి కూడా మా బళ్లోదే" అంది.

మర్నాడు చలికి చోళ్ల అంబలి తాగి
మళ్లీ పడుకున్నారు వరుసగా.
సొంబారి, గున్న, రశ్మిత, తక్కినవాళ్లు,
ఆఖరున దాలినాయుడు.
రశ్మిత చెప్పు తెచ్చింది.
పట్టలేదు.
వాడి అరికాళ్లు గోడని తన్నుతున్నాయి.

వానకి నాని వరండా కుదించుకుపోయిందని ఒకరు,
రేకులబాబు ముక్క కోసుకుపోయాడని ఒకరు.
దాలినాయుడు లేచి
గోడని రెండు చేతులా తోసి చూశాడు.
సొంబారి నా వైపు చూసింది.
నేను చెబుదామనే నోరు తెరిచాను.
అది పెదవి మీద వేలు పెట్టింది.

రిజిస్టరు తీశాను.
వరండా పొడుగు అన్న చోట
పాత లెక్క కొట్టేసి రాశాను:
ఏడుగురు.
చెప్పు అక్కర్లేదు.