ఊక బూడిద

మిర్యాలగూడల తెల్లారకముందే
మిల్లుల ఊక కాలి నల్లగ రాలుతది
ఆరేసిన బట్టల మీద, మూత మరిచిన గిన్నెల,
నా బిడ్డ నోటుబుక్కు మీద.

సారు పర్యాయపదాలు రాసుకరమ్మన్నడట.
భస్మం, భసితం, భూతి.
నిఘంటువు తీస్తే
భస్మానికి మూలం నమిలి మింగుడట,
భూతి అంటే కలిమి గూడనట.
ఆ పేరు పెట్టినాయనకు ఎన్ని మిల్లులుండెనో!

మా అత్త పెంటమ్మ బాయిలర్ కాడ పద్దెనిమిదేండ్లు చేసింది.
ఇప్పటికీ దగ్గితే కొంగు మీద నల్ల చుక్క.

"గిన్నెలు తోమితే బూడిద.
జరమొచ్చిన పోరల నొసటికైతే ఈబూది.
పొయ్యిల నిప్పును దాస్తే నివురు.
కంట్ల పడ్డది నుసి.
తాగొచ్చిన నాడు మీ తాత నోట్లె బుగ్గి."

బిడ్డ రాసుకుంటనే ఉన్నది.

"ముగ్గురు పోయినంక నేను పుడితే
పెంట మీద, సల్లారిన బూడిదల పండవెట్టి
చాటల ఎత్తుకచ్చిన్రట.
నన్ను ఏ మాట కింద రాస్తవే?"

పెన్ను ఆగింది.
పేజీ మీద వాలిన నలుసును
ఊదబోయి ఊదలే,
వేలితోని అద్దింది.
ఖాళీ గీత మీద
సగం వేలిముద్ర.