పోలయ్యగారి పోలండు

పరీక్ష అయిపోయింది. సరిగా రాయలేదు.
సాలూరు ఆఖరి బస్సు వెళ్ళిపోయింది కూడా.
కాంప్లెక్సు బెంచీ మీద కూర్చోవడానికి
రాత్రంతా ఉంది కదా అని
ఒన్ టౌన్ దాకా నడిచాను.
పర్సులో రెండొందల అరవై.
అందులో నూట ఎనభై ఐదు
తెల్లారగట్ల బస్సువి, నావి కావు.

పాత పోస్టాఫీసు దాటాక
పోర్టు బొగ్గుపొడి పట్టిన గోడ పక్కన
ఒక తోపుడు బండి.
అట్టముక్క మీద సుద్దతో
‘పోలండు టిఫిన్లు, శనివారం మాత్రమే.’
వెనక సూరాడ పోలయ్య,
డెబ్బై ఉంటాయేమో,
చెవి మీద పెన్సిలు.

‘పోలండంటే మీ ఊరా తాతా?’
అడిగాడు నా ముందున్న ఆటో అతను.
‘పోలయ్య ల్యాండు.’
ఎన్నేళ్ళ జోకో, ఆయనే నవ్వలేదు.

పిరోగీలు ఐదు, అరవై.
పుల్లచారు గ్లాసు, పాతిక.
నాకున్నవి డెబ్బై ఐదు,
పొద్దుటి టీకి పది తీసేస్తే అరవై ఐదు.
పరీక్షలో ఈ లెక్క ఇచ్చుంటే
బాగా చేసేదాన్ని.

‘మూడే ఇవ్వండి. చారు సగం.’
పెన్సిలు ముట్టుకోకుండానే చెప్పాడు:
‘నలభై ఎనిమిదిన్నర.
అర్ధరూపాయి ఎప్పుడో సచ్చిపోనాది,
నలభై ఎనిమిదియ్యి.’

ఆకు దొన్నెలో మూడు కజ్జికాయలు.
కజ్జికాయలే, నా కళ్ళకి.
అదే మడత, అంచు మీద అవే వేళ్ళ నొక్కులు.
కాకపోతే తడిగా ఉన్నాయి,
ఇప్పుడే తలంటుకుని లేచినట్టు.
కొబ్బరికీ బెల్లానికీ నాలుక తయారై కూర్చుంది.
లోపల బంగాళాదుంప,
విరిగిన పాలముద్ద, కాస్త మిరియం.
తీపి అనుకున్నచోట ఉప్పు తగిలితే
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని
అడుగేసినట్టుంటుంది.

‘ఎలాగున్నాదమ్మా?’
‘కారం లేదు.’
‘ఆల్లకి చలుండీది. కారం ఉండీది కాదు.’

తర్వాత, నేను అడగకుండానే,
ఉల్లిపాయలు వేయిస్తూ చెప్పాడు.
ఓడ ఓనరు పారిపోయాడట.
గదాన్సుకు అనే రేవులో
ఏడు నెలలు, పదకొండుమంది, జీతం లేదు.
ఒడ్డు మీద పాలహోటలు ఒకటి,
చిల్లర పెడితే కడుపు నిండేది.
కిటికీ అవతల ఒక ముసలావిడ.
‘ఆవిడ మాట మాకు రాదు, మా మాట ఆవిడికి రాదు.
మాకు ఆకలొచ్చు.
ఆవిడికి గరిటొచ్చు.’

యారాడ కొండ మీద లైటు
ఒకసారి మా దొన్నెల మీదికి తిరిగినట్టే తిరిగి
సముద్రం వైపు వెళ్ళిపోయింది.

చారు స్టీలు గ్లాసులో ఇచ్చాడు,
సగం అన్నది సగం దగ్గర ఆగలేదు.
తెల్లగా, చిక్కగా, అడుగున కోడిగుడ్డు ముక్క.
ఒక్క గుక్క తాగానో లేదో
మా అమ్మమ్మ వంటింట్లో ఉన్నాను.
అంబలి పులిసిన మూడోనాడు
కుండ మూత తీస్తే మొహాన కొట్టే వాసన.
హాస్టల్లో ఎవరైనా పొద్దున్నేం తిన్నావంటే
ఇడ్లీ అని చెప్పేదాన్ని.
ఇవాళ అదే అంబలికి
పన్నెండు రూపాయలిచ్చి
గ్లాసు వంచి అడుగుదాకా తాగుతున్నాను.

‘తాతా, ఇది ఏ పిండి?’
‘ఆల్లది రై అని ఓ గింజ.
మూడ్రోజులు నానబెట్టి పులవనిస్తారు.
ఆ గింజ మనకెక్కడ దొరుకుతాది?
సోడిపిండి ఏసీసేను.’
‘మరి ఇది పోలండుది ఎలా అవుతుంది?’

ఆయన చాలాసేపు ఆలోచించాడు.
పెనం మీద ఉల్లి కాస్త మాడింది.
‘పులుపు పోలండుదేనమ్మా,’ అన్నాడు,
అన్నాక తనకే నమ్మకం కుదరనట్టు
మూకుడులోకి తొంగి చూసుకున్నాడు.

దొన్నె పారేస్తుంటే కనపడింది,
ఉల్లిపాయల కింద నాలుగోది.
వెనక్కి తిరిగి చూస్తే
ఆటో అతనికి చిల్లర లెక్కపెడుతున్నాడు,
నావైపు చూడలేదు.
నిలబడే తిన్నాను.

తెల్లారి బస్సులో
గజపతినగరం దాటుతుంటే తేన్పు వచ్చింది,
పుల్లగా.
ఏ దేశానిదో చెప్పలేను.
టీ పోగా
పర్సులో పదిహేడు రూపాయలు.