ఆ మెలిక

ఉలాన్‌బాతర్‌లో మైనస్ ముప్ఫై.
బస్సు రాలేదు,
అందుకని గోడ చూశాను.

ఒకే ఒక్క నిలువు అక్షరం.
పైనుంచి జారి జారి, చివర
గుర్రం తోక విదిల్చినట్టు మెలిక.
కింద చిన్నగా:
ఇచ్చట బూట్లు బాగుచేయబడును.

బస్సొచ్చింది. ఎక్కలేదు.

కొట్టులో ముసలాయన దారం పళ్ళతో తెంపుతూ
"మా సోలొంగో గీసింది. రాత్రిళ్ళు బేకరీలో ఉంటుంది" అన్నాడు.

వెనక గుమ్మం దగ్గర దొరికింది,
మోచేతుల దాకా పిండి.
నా పొగడ్త సగంలో ఉండగానే
"ఆ మెలిక తప్పింది, చూశావా?
మూడు వారాలుగా నిద్ర లేదు" అంది.

నేను చూడలేదు.
బల్ల మీద పిండి చల్లి
చూపుడువేలితో మళ్ళీ గీసింది.
అప్పుడు తెలిసింది,
వెంట్రుకవాసి.

రొట్టెలు మాడుతున్న వాసన.
లోపల్నుంచి ఎవరో కేకేశారు.
"ఇంకొక్కటి" అంది,
అరచేత్తో బల్లంతా చెరిపేస్తూ.