కారణం ఎంచుకోండి

డబ్బా మంచిగనే ఉన్నది.
లోపల మైనపు కాయితం, దాని మీద నూనె మరక,
అసలు కంపెనీ వాళ్లు పంపినట్టే.
బాబిన్ కేసు అరచేతిల పెట్టుకున్న.
అల్కగ ఉన్నది.
పద్దెనిమిదేండ్ల సంది ఒకటే కేసును
తీసి పెట్టి, తీసి పెట్టి అరిగిన చెయ్యి ఇది,
గురిగింజెత్తు తేడా దాస్తే దాగదు.

కంపెనీ పేరుల మూడో అక్షరం పొట్ట
జరంత ఎక్కువ ఉబ్బింది.
మా ఆయన కండ్లద్దాలు పెట్టుకొని చూసి
"అచ్చుల తప్పు పడ్డదేమో" అన్నడు.
ఆయనకు ఎవరి మీద అనుమానం రాదు,
చిట్టీల మునిగింది గూడ గందుకే.

బిగించి తొక్కిన.
కాశిబుగ్గల మా గల్లి మొత్తానికి ఎరుకైన చప్పుడు నా మిషన్ది,
తాలింపుల ఆవాలు పేలినట్టు, ఎడం లేకుంట.
ఇప్పుడు నడుమ నడుమ
ఒక ఆవగింజ పేలుతలేదు.
బట్ట తిప్పి చూస్తే
నాలుగు కుట్లకొక కుట్టు పొల్లు.
బడి తెరిచేది పన్నెండుకు.
నలభై రెండు జతల యూనిఫాం.
నీలం గుడ్డల కుప్ప మీద పిల్లి పండుకున్నది.

ఫోన్ల వాపసు అని నొక్కితే
కారణం ఎంచుకోండి అన్నది.
సైజు సరిపోలేదు.
రంగు వేరే వచ్చింది.
ఆలస్యంగా వచ్చింది.
మనసు మారింది.
పైకి జరిపిన, కిందికి జరిపిన,
మోసం అన్న మాట యాడ లేదు.
నా మనసు మారలే సారూ,
మారింది మీ ఇనుము.

రుజువుకు ఫోటో పెట్టమన్నది.
చప్పుడును ఎట్ల ఫోటో తీయాలె?
అల్కదనం ఏ దిక్కు నుంచి తీస్తే కనపడుతది?
పొల్లు కుట్టును కిటికీ ఎలుగుకు పట్టుకుంటే
మా రవళి మూడు ఫోటోలు తీసింది,
ఆ అక్షరం పొట్టను గూడ, దగ్గరికి పోయి.
"ఇంగ్లీషుల రాయన్నా అమ్మా?"
"తెలుగులనే రాయి. మోసపోయింది తెలుగులనే గద."
రాసుకుంట రాసుకుంట అడిగింది:
"డూప్లికేటు సంగతి నీకింత గనం ఎట్ల ఎరుక?"

పోయిన దసరాకు
స్టేషన్ రోడ్డు దుకాణపాయన
రెండు సంచుల అంగీలు దించి
ఒక రీలు చేతిల పెట్టిండు.
నున్నటి నల్ల పట్టీ, బంగారు దారం అక్షరాలు.
కాలరుకొకటి. ఒక్కటికి రూపాయి.
"పెద్ద కంపెనీ పేరమ్మా, జర సక్కగ రావాలె."
సక్కగనే కుట్టిన.
ఒక్క కుట్టు పొల్లు పోలే.
పేరు దొంగది,
కుట్టు మాత్రం నాది, అసలుది.
ఎవరు తొడుక్కున్నరో ఆ అంగీలు,
ఏ పెండ్లికి పోయిండ్రో,
రెండు ఉతుకులకు రంగు దిగినంక
వాళ్లేం కారణం ఎంచుకున్నరో.

రవళికి ఏం చెప్పలే.
"రాసుడు కానియ్యి" అన్న.

నాలుగో రోజు వాపసు తీసుకపోయే పిల్లగాడు వచ్చి
సీలు చించినవని నసిగిండు.
చించకుంట ఎట్ల తెలుస్తది బిడ్డా?
ఆలోచించిండు. ఫోన్ అద్దం మీద
వేలితోని సంతకం పెట్టిచ్చుకున్నడు.
అది నా సంతకం లెక్క లేనే లేదు,
అయినా చెల్లింది.

మచిలీబజార్ల మిషన్లు బాగుచేసే ఓదెలన్న
పాత కేసును నూనెల నానబెట్టి, గరుకు కాయితంతో రాకి
"కేసు అరగలే, స్ప్రింగు పోయింది" అన్నడు.
ఇరవై రూపాయలు.
పదకొండు రాత్రికి యూనిఫాంలు అయినయ్.
పిల్లి అలిగి వేరే ఇంటికి పోయింది.

పైసలు వాపసొచ్చినయ్, నలభై తక్కువ.

లేబుళ్ల రీలు సొరుగులనే ఉన్నది,
గుండీల డబ్బా వెనుక.
దసరా దగ్గరికొస్తే ఆయన ఫోన్ చేస్తడు.
మొన్న విప్పి లెక్కపెట్టిన.
నూటపదహారు మిగిలినయ్,
శుభకార్యంల చదివిచ్చే లెక్క.
ఎవరికి చదివియ్యాలె?