మిసిల్

అందరూ బంగారు మొహర్ల ఫర్మానాలు అడుగుతరు.
ఫోటోలు తీసుకొని, చాయ్ తాగి పోతరు.
ఆమె మాత్రం తార్నాక రికార్డు గదిలకు
ముక్కుకు దస్తీ కట్టుకొని వచ్చి
కరోడ్‌గిరి చిల్లర పద్దులు అడిగింది:
ఏ గంజ్‌ల ఏ వారం జొన్నలు పల్లా ఎంతకు పోయినయి,
నూలు బేళ్ల మీద పన్నెంత,
మగ్గానికి కూలెంత.
"గవి ఎవరూ విప్పలేదమ్మా, చెదలుంటయి" అన్న నేను.
"చెదలు చదివినంక మిగిలిందే ఇయ్యి" అన్నది.

రాపోలు ఇందుమతి.
చీటీ మీద పేరు గట్లనే రాసేది,
డాక్టరేటు వచ్చినంక కూడా.
వాళ్ల నాయన పుట్టపాకల
షావుకారు బాకీ తీరకుంటనే మగ్గం మీద ఒరిగిండని
ఒక్కసారే చెప్పింది,
అదీ ఒక బస్తా ముడి విప్పుకుంట.

మా అబ్బ మున్షీ. నాకు షికస్తా రాత వస్తది.
పదకొండేండ్లు ఆమె వేలు ఆగిన కాడల్లా నేను చదివిన.
ఒకనాడు, "చాంద్‌పాషా, ఇది జవారా, జవాబా?"
చుక్క ఉండవలసిన తావుల కాగితానికి పొక్క.
జొన్నలో, జవాబో తేలక
ఇద్దరం మాపటిదాక కూసున్నం.
ఆఖరుకు పక్క ఏడు పద్దు తెప్పించి
"జొన్నలే. ధర మూడింతలైంది.
కూలి మాత్రం గట్లనే ఉంది చూడు" అన్నది.
చూసిన. పైనుంచి కిందిదాక ఒకటే అంకె,
అచ్చు గుద్దినట్టు.

ఆ అంకె మీద పుస్తకం రాసి
ఒక కాపీ నాకిచ్చింది. ఇంగ్లీషుల ఉంది, చదవలే.
నా పేరు వెతుక్కున్న. దొరికింది,
చివరి పేజీల, చిన్న అక్షరాలల్ల.

తర్వాత వైస్ చాన్సలర్‌ను చేసిండ్రు.
తెల్ల కారు, ముందు సీట్ల బంట్రోతు.
మా గదికి రావుడు బందయింది.
మిసిళ్లే ఆమె కాడికి పోతున్నయి అన్నరు,
రోజుకు నూరు, నడుముకు నాడాలు కట్టుకొని.
జీతాలకు పైసలు లేవు. నల్లాలల్ల నీళ్లు లేవు.
ఒక ఎండకాలం సంతకం పెట్టింది:
మెస్సు బాకీ కట్టని పదకొండు మంది పిల్లలు
హాస్టలు ఖాళీ చెయ్యాలె.
పచ్చ సిరా.
పేపర్ల ఓ మూలకు వచ్చింది. నా కంట్ల పడ్డది.
ఆ రాత్రి బువ్వ తింటుంటే
షావుకారు యాదికొచ్చిండు,
నేను ఎన్నడూ చూడని మనిషి.

దిగిపోయే దినం సంగతి వాళ్ల గుమాస్తా చెప్పిండు.
దండలు కుర్చీకి తగిలించి
చింపేసే పాత కాగితాల లిస్టు తెప్పించుకున్నదట.
అండ్ల ఆ మిసిల్ ఉంది.
దాన్ని బయటికి గుంజి, అట్ట మీద
"ఎప్పటికీ ఉంచాలె" అని రాసి తారీఖు వేసిందట.
సంజాయిషీ ఒక్క ముక్క రాయలేదట.

అది తిరిగి తిరిగి మా గదికే చేరింది.
ఆమె కూడా.
ఇప్పుడు ఆటోల వస్తది. కిటికీ పక్క బల్ల,
మోకాళ్ల నొప్పులు, చక్కెర, లావు అద్దాలు,
మళ్ల అవే నూలు పద్దులు.
నాకు రిటైర్మెంటు నాలుగు నెలలుంది.

మొన్న సోమవారం ఒక పిల్ల వచ్చింది
ముక్కుకు చున్నీ చుట్టుకొని.
చీటీ మీద నంబరు చూసి నా చెయ్యి ఆగింది.
తెచ్చి పెట్టిన. కిటికీ దిక్కు చూడలే.
పిల్ల నాడా విప్పింది.
పదకొండు పేర్లు నోట్లనే చదువుకున్నది.
వాళ్లు పెట్టుకున్న అర్జీ తిప్పింది.
జవాబు రాయాల్సిన కాడ ఖాళీ.
ఈసారి చుక్క రాలింది కాదు,
అసలు రాయనే లేదు.

సెల్లుల ఏదో లెక్క మొదలుపెట్టి, ఆగి,
"ఆ ఏడు బియ్యం కిలో ఎంతుండెనో
ఏ పద్దుల దొరుకుతది సార్?" అని నన్నడిగింది.

నేను నోరు తెరిచే లోపల
కిటికీ కాడినుంచి, తల ఎత్తకుంట,
"పదకొండున్నర."

ఫ్యాను తిరుగుతున్నది. పిల్ల రాసుకున్నది.

కొంచెం సేపటికి అదే గొంతు,
"సన్నయైతే పద్నాలుగు.
మెస్సుల వండింది పదకొండున్నరవే."