ఎడంచెయ్యి కుట్టు

క్లాక్ టవర్ నీడ పదకొండింటికే
నా గొడుగు దాటి పోతది.
అటెన్క అంత ఎండల్నే పని.
జిప్పులు, పట్టీలు, బడిపిల్లల సంచులు,
బొంబాయి బస్సెక్కేటోల్ల ఎయిర్ బ్యాగులు —
పాలమూరు వలసంత నా సూది కిందికెల్లే పోయింది,
నేను తప్ప.

ఆ పూట ఈదమ్మ వచ్చింది,
వీపు మీద వీపంత బస్త.
తిమ్మాజిపేట దిక్కు పిల్ల. పోలేపల్లి మందుల కంపెనీల
రెండేండ్లు రాత్రి షిఫ్టు గోలీలు లెక్కవెట్టి,
ఆ పైసలతోని పుస్తెలతాడు కొనకుంట
దారెస్సలాం చూసొచ్చిందట.
"ఎవరున్నరు బిడ్డా ఆడ?"
"ఎవ్వల్లేరు మౌలన్నా. అందుకే పోయిన."

కుట్టాలంటే ఖాళీ చెయ్యాలె గద.
గోనె పరిస్తే గుమ్మరించింది:
సగం అరిగిన సబ్బు, చినిగిన దస్తీ,
ఉప్పునీళ్లకు బిర్రవడ్డ చెప్పులజత,
కాయితం పొట్లంల జీడిపప్పు. తినన్నా అన్నది.
అడుగున ఇసుక.
తెల్లగ, పిండి లెక్క.
దుందుభి వాగుల లారీలు మిగిలిచ్చిన గరుకు ఇసుక కాదు.

మొదటిరోజే కరియాకో బజార్ల తప్పిపోయిందట.
పొద్దు ఎటు దిక్కున్నదో సమజ్ కాలేదట,
సక్కగ నెత్తిమీదనే నిలవడ్డదట.
దలదల అని చిన్న బస్సులు,
తలుపుకు యాలాడే పిలగాడు
గుప్పిట్ల చిల్లర గలగలమనిపిస్తె ఎక్కాల్నట.
మన జడ్చర్ల ఆటో తీరే.
ఒకామె తన పసిపిల్లను ఈమె ఒళ్లె పడేసి,
ఒక్క మాట అడగకుంట నిద్రవోయిందట.
ఆ బరువుకు భయం పోయిందన్నా అన్నది.

పట్టి తెగింది దిగినంక.
మసీదు గోడ నీడకు, ఆరె పట్టుకోని ఒకాయన.
"కుట్టెటోన్ని ఫుండి అంటరు ఆడ.
దుకాన్ని దుకా అంటరు.
చాయ్‌ని చాయే అంటరన్నా!"
పేరడిగిండట. ఈదమ్మ అన్నదట.
ఈద్ నాడు పుట్టినవా, అయితే నువ్వు మ్వానాయిదివి అని
పైసలు ముట్టుకోలేదట.

నవ్వొచ్చింది నాకు.
ఊరి పొలిమేర కాడ కోడిపిల్ల నడిగే తల్లి
సముద్రం దాటి పోయి
షీర్ ఖుర్మా తాగొచ్చింది.

ఇంకోటి చెప్పింది.
కాలికి రాయి తాకినా, వానల తడిసినా, పట్టి తెగినా
ఎదురొచ్చినోల్లు "పోలే" అంటరట.
అయ్యో బిడ్డా అన్నట్టట.
మస్కట్‌కని పాస్‌పోర్ట్ తీసిన నేను ఇరవై ఏండ్ల కింద.
ఊపిరితిత్తి మీద మచ్చ ఉందన్నరు.
పోలే.
పోయినవా మౌలాలీ అని ఎవరడిగినా
పోలే, పోలే.
ఆ మాటల ఒక అయ్యో దాగుందని
ఇన్నేండ్లు ఒక్కరన్న చెప్పలే.

పట్టి తిరగేసిన.
నీలం దారం. వలలు అల్లే నైలాన్.
టాకాలన్నీ నా టాకాలకు ఎదురు వంగినయి.
"ఎడంచేతోడా?"
పిల్ల నోరు తెరిచింది.
ముడి మూడుచుట్లు తిప్పి పంటితోని కొరికిండు.
కత్తెర లేదేమో. ఉన్నా
నా కత్తెర లెక్కనే ఎవడో అడుక్కపోయి ఇచ్చి ఉండడు.

పాత కుట్టు విప్పినంకనే కొత్తది,
మా నాయిన నేర్పిన కాయిదా.
ఈసారి విప్పబుద్ధి కాలే.
దాని పక్కపొంటి, గోరంత ఎడం ఇడిసి
నల్లదారంతోని నా వరుస నడిపిచ్చిన.
ఆయన ముడి కాడికి పోయి నా ముడి ఏసిన.

నలభై అయిద్దన్న. ఇచ్చింది, తీసుకున్న.
ఆయనంత మనిషిని కాను,
గొడుగు కిరాయి మూడు నెలలు బాకీ.
ఇరవై మాత్రం వాపసిచ్చిన.
"గిదెందుకన్నా?"
"సగం పని ఆయనది."

మల్ల యాడికి అంటె తెల్వదన్నది.
నాగర్‌కర్నూల్ బస్సు కదుల్తుంటె ఉరికింది,
పట్టి భుజం మీదికి గుంజుకుంట.

గిరాకి ఎవరో వచ్చి నిలవడ్డరు, జిప్పు పట్టుకోని.
కూసోమన్న.
గోనె మాత్రం ఆ పొద్దు దులపలే.