ముప్పై నాలుగో నిమిషం

విశ్వవిద్యాలయం వాళ్లు ప్రశ్నాపత్రం పంపారు.
ఆన్‌లైన్ చదువు మీరెందుకు కొనసాగిస్తున్నారు?
ఒకటి నుంచి అయిదు దాకా, తగిన గడిలో టిక్కు పెట్టండి.

ఉపయోగకరంగా ఉంది. సులువుగా ఉంది. తృప్తిగా ఉంది.

వాల్విస్ బేలో రాత్రి రెండున్నర.
సముద్రం మీంచి వచ్చిన పొగమంచు
చేపల ఫ్యాక్టరీ దీపాలకు తడిగుడ్డ కప్పింది.
పదిహేను నిమిషాల టీ విరామం.
చేతులకు తొడుగులు, తొడుగుల నిండా పొలుసులు.
ఫోను నా వేళ్లను గుర్తుపట్టదు,
ముక్కుతో నొక్కుతాను.
హిలేని పగలబడి నవ్వుతుంది:
"ఏమే న్‌దేషీ, చదువు వాసన చూస్తున్నావా?"

సులువంటే ఏం చెప్పను?
నెలకని వేయించుకున్న డేటా
తొమ్మిది రోజుల్లో ఆవిరైంది.
తెర మీద తిరిగే ఆ చిన్న చక్రాన్ని
గానుగెద్దును చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

మొదటి పరీక్ష తప్పాను.
ఆ రోజే మానేద్దామనుకున్నాను.
మానలేదు. కారణం గొప్పదేం కాదు.
రుందూ నుంచి సికోంగో అని ఒకడు
మైకు ఆపడం ఎప్పుడూ మరిచిపోతాడు.
వాడి వెనకాల చూలు మేక అరుస్తుంటుంది.
అది ఈనిందో లేదో తెలుసుకుందామని
మర్నాడు క్లాసుకు వెళ్లాను.

ప్రశ్నాపత్రంలో మేకకు గడి లేదు.

ఇంకోటి కూడా ఉంది.
షిఫ్టు గంట మోగితే పాఠం ఎక్కడికక్కడ ఆపేస్తాను.
రెండు రోజులకు తెరుస్తాను, ఒక్కోసారి వారానికి.
మేడం చెయ్యి ఇంకా పైకి లేచే ఉంటుంది,
నోట్లో సగం మాట,
ముప్పై నాలుగో నిమిషం దగ్గర.
ఇంట్లో కూడు కూడా నా కోసం అంతసేపు కాచుకోదు.
బస్సు కాచుకోదు.
సూపర్‌వైజరు సంగతి చెప్పక్కర్లేదు.

నేను చదివేది నీటి శాస్త్రం.
ఎడారిలో కూర్చుని నీళ్ల చదువేంటని మావయ్య వెక్కిరించాడు.
ఉపయోగం గురించి అయిదేళ్లాగి అడగండి,
ఇప్పటికైతే చేప కడుపు చీల్చినప్పుడల్లా
ఇందులో నీరెంతని లెక్క వేసుకుంటున్నాను, అంతే.

ఇవాళ్టి పాఠం మా కుయిసెబ్ నది గురించి.
ఏళ్ల తరబడి సముద్రం ముఖం చూడదు,
ఇసక కింద మాత్రం కదులుతూనే ఉంటుంది,
బావి తవ్వినవాళ్లకే తెలుస్తుంది, అది...
మేడం అంటుండగా
గంట మోగింది.

గడులన్నీ ఖాళీగా వదిలేసి
చివర 'ఇతర కారణాలు' అన్నచోట
ముక్కుతో ఒక్కో అక్షరం నొక్కాను:
మాట మధ్యలో ఉంది. వినాలి.

పంపేలోపు
సిగ్నల్ పోయింది.